కర్త ఎవరండీ?

బాలాత్రిపురసుందరి గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. చేసిన మనిషి పేరు లేకుండా చేసిన పని మాత్రమే చెవిన పడితే ఆవిడ ఆగలేరు. ముక్కుపొడుం పీల్చినవాడు తుమ్మక మానడు చూడండి, అలాగే ఆవిడ "ఎవరు?" అని అడగక మానరు.

"గ్లాసు పగిలింది" అంటే "ఎవరు పగలగొట్టారు?" అంటారు. "లేటయిందండీ" అంటే "ఎవరు చేశారు?" అంటారు. కరెంటు పోతే వీధివీధంతా "పోయింది, పోయింది" అని గోల పెడుతుంటే ఈవిడ ఒక్కరే అరుగు మీద నిలబడి "దానంతట అది పోదు కదా, తీసిందెవరు?" అని చీకటిని నిలదీస్తారు. వానకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. "వాన పడింది" అంటే ఊరుకుంటారు. అది తన పరిధిలోని శాఖ కాదట.

ఈ జబ్బు వల్ల మొదట బాగుపడింది ఆవిడ భర్త జానకిరామయ్య గారు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒకసారి వంటింట్లోంచి "ఉప్మా మాడిందోయ్" అని కేక వేశారు. ఆ పూట జరిగిన విచారణ ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత ఆయన భాషే మారిపోయింది. "ఉప్మాను నేను మాడ్చాను. మాడ్చినదాన్ని నేనే తిన్నాను. నీకు ఇడ్లీ తెచ్చాను" అంటారు, కోర్టులో వాంగ్మూలం ఇస్తున్నట్టు.

ఓసారి ఇద్దరూ రైలు కోసం కూర్చున్నారు. మైకులో ఒక ఆడగొంతు "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంది. ఈవిడ లేచి నేరుగా ఎంక్వయిరీ కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"చింతిస్తున్నది మీరేనా బాబూ?"

"కాదండీ, అది రికార్డింగు."

"మరి ఎవరు చింతిస్తున్నట్టు?"

అతను పాపం నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, "ఎవరూ చింతించట్లేదండీ" అన్నాడు.

"ఆ ముక్కే మైకులో చెప్పించండి. వింటాం."

ఈ సంభాషణ సాగుతుండగా రైలు వచ్చి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. జానకిరామయ్య గారు అలవాటు తప్పి "రైలు తప్పిపోయింది" అన్నారు. "రైలేం తప్పిపోలేదు, నేను తప్పించాను" అని ఆవిడే దిద్దారు.

అలాంటి మనిషి గన్నవరం దగ్గరి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక, మత్స్యానంద ఫీడ్స్ అనే కంపెనీలో ఉద్యోగానికి చేరారు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఫ్యాక్టరీ, బెజవాడలో ఆఫీసు. చేపల మేత అమ్మేవాళ్ళకు తెలుగు పంతులమ్మతో ఏం పని అంటారేమో. దానికి కారణం ఒక సంచి. కొత్త సంచుల మీద "మా మేత చేపలను ఇష్టంగా తింటుంది" అని అచ్చయింది. కైకలూరు రైతులు నలుగురు ఆ సంచులు భుజాన వేసుకుని ఆఫీసుకొచ్చి, "మా చెరువులో చేపలన్నిటినీ మీ మేత తినేసిందండీ, మా గతేంటి?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ చైర్మన్ గారికి తల కొట్టేసినట్టయింది. తెలుగులో ఏ కాగితం బయటికి వెళ్ళినా, గోడకెక్కినా, తెలుగు తెలిసిన మనిషి చూసి సంతకం చెయ్యాలని ఆయన అప్పుడే రూలు పెట్టారు. ఆ మనిషి కోసం వెతికితే ఈవిడ దొరికారు.

సంతకం పైన "సరిచూడబడినది" అన్న రబ్బరు స్టాంపు వెయ్యమన్నారు ఆఫీసువాళ్ళు. ఈవిడ ఆ స్టాంపును రెండు వేళ్ళతో, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు పట్టుకుని, డస్ట్‌బిన్‌లో వేశారు. "సరిచూశాను" అని చేత్తో రాయడం మొదలుపెట్టారు. "చూసింది నేను. తప్పుంటే నన్ను తిట్టండి. స్టాంపును తిడితే ఏమొస్తుంది?"

డయానా ఆ ఆఫీసులో హెచ్చార్ అసిస్టెంటుగా చేరిన రోజుల్లో ఆమెకు ఈ సంగతులేవీ తెలియవు. చేరిన వారమే ఆమె మొదటి నోటీసు రాసి పట్టుకెళ్ళింది. "రేపు సెలవు ప్రకటించడమైనది" అన్నది ఒక్కటే వాక్యం. త్రిపుర మేడమ్ (ఆఫీసులో అందరూ ఆవిడ పేరును అంతవరకు కుదించారు) కళ్ళజోడు పైకి నెట్టి చూశారు.

"కర్త ఎవరమ్మాయ్?"

డయానా కంగారుపడింది. వాళ్ళ పేటలో ఎదురింటి శాస్త్రిగారు పోయినప్పుడు పురోహితుడు వచ్చీ రాగానే అడిగిన మాట అది. "ఎవరు పోయారండీ?" అంది భయంగా.

"ఎవరూ పోలేదు. సెలవు ఎవరిచ్చారు?"

"హెచ్చార్ అండి."

"దానికి నోరుందా?"

"విఠల్ గారండి."

"అయితే 'విఠల్ గారు రేపు సెలవు ఇచ్చారు' అని రాయి. ఆయన పేరు చెప్పుకుని ఆడవాళ్ళు ఒక పూట నడుం వాలుస్తారు."

డయానా అలాగే రాసి విఠల్ గారికి చూపించింది. విఠల్ గారు హెచ్చార్ మేనేజరు. ఆయన తన పేరు చూసి ఉలిక్కిపడి కొట్టేశారు. "పేరొద్దమ్మా. రేపు ఏదన్నా తేడా వస్తే?"

"సెలవులో తేడా ఏముంటుంది సార్?"

"ఏమో. ఎందుకొచ్చిన గొడవ."

విఠల్ గారు చెడ్డవాడు కాదు. ఆయన హైదరాబాదులో ఏదో ట్రైనింగుకు వెళ్ళొచ్చారు, అంతే. వెళ్ళినప్పుడు మేనేజరు, వచ్చినప్పుడు చీఫ్ హ్యాపీనెస్ ఆఫీసరు. ఆ తర్వాత ఆఫీసులో ఆనందం కాపలా కాయడం మొదలైంది. పొద్దున్నే అందరూ హాల్లో నిలబడి గుండె మీద చెయ్యి వేసుకుని, "మనం ఒకే కుటుంబం, మన మాట ఒక్కటే, మన నవ్వు ఒక్కటే" అని అరవాలి. తర్వాత ఫోన్లో ఆనందం యాప్ తెరిచి ఆ రోజు తన మనసు ఎలా ఉందో ఒక బొమ్మ నొక్కాలి. బొమ్మలు మూడు. ఒకటి నవ్వుతున్న మొహం, ఒకటి బాగా నవ్వుతున్న మొహం, మూడోది పళ్ళన్నీ బయటపెట్టి కళ్ళు మూసుకున్న మొహం. ఏడుపు మొహం ఏదండీ అని అడిగితే, "మన కుటుంబంలో దాని అవసరం రాదని భావించడమైనది" అన్నారు.

కుటుంబంలో రహస్యాలేమిటని గదుల తలుపులన్నీ పీకించారు. బాత్రూమ్ తలుపుల విషయం ఇంకా పరిశీలనలో ఉందని చెప్పాక, మగవాళ్ళు కొందరు ఇంటి దగ్గరే అన్నీ ముగించుకుని రావడం నేర్చుకున్నారు. యాప్‌లో "ఆత్మీయ సూచన" అని ఇంకో బటన్ ఉండేది. పక్కవాళ్ళు సరిగ్గా నవ్వకపోతే ప్రేమతో అది నొక్కాలి. నొక్కిందెవరో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి అందరూ అందరినీ చూసి నవ్వేవారు.

ఒకరోజు త్రిపుర మేడమ్‌కు మెసేజ్ వచ్చింది. "మేనేజరు గారి జోకుకు మీరు ఆలస్యంగా నవ్వినట్లు గమనించడమైనది." ఆవిడ ఆ ఫోను పట్టుకుని ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళారు.

"గమనించిందెవరండీ? బాగా గమనించారు. రండి, కాఫీ ఇప్పిస్తాను."

కాఫీ అంటే ప్రాణం పెట్టేవాళ్ళు కూడా ఆ రోజు తల ఎత్తలేదు.

డయానాకు ఆవిడంటే భయం, ఇష్టం, చిరాకు మూడూ ఉండేవి. తను మాత్రం ప్రతిజ్ఞ అందరికంటే గట్టిగా అరిచేది. పక్కనున్న సురేష్ గట్టిగా అరుస్తున్నాడని తను అరిచేది. సురేష్ కంప్యూటర్ల సెక్షన్ కుర్రాడు, ఆ యాప్‌ను ఫోన్లలో ఎక్కించింది అతనే. నిజంగా నమ్ముతున్నాడు కాబోలు అనుకునేది. సాయంత్రం గన్నవరం బస్సెక్కాక దవడలు నొప్పెట్టేవి. "పనిలో ఏం తిన్నావే, బుగ్గలు పట్టుకుంటావు?" అనేది వాళ్ళమ్మ హెప్సిబా.

త్రిపుర మేడమ్ జబ్బుకు ఒక్క చోట మాత్రం మినహాయింపు ఉందని డయానా కనిపెట్టింది. అది వాన లాంటి మినహాయింపు కాదు, అర్థం కాని మినహాయింపు. ఒకనాడు టీ తెచ్చే మణెమ్మ చేతిలోంచి ట్రే జారి కప్పులు భళ్ళుమన్నాయి. "కప్పులు పగిలిపోయాయండీ" అంది మణెమ్మ, బిక్కమొహంతో. డయానా చెవులు రిక్కించింది. ఇక చూస్కో, విచారణ మొదలు అనుకుంది. మేడమ్ అడగలేదు. విఠల్ గారు పైనుంచి మెట్లు దిగి వచ్చి "ఏమిటా చప్పుడు?" అంటే, "నేనేనండీ. నా మోచెయ్యి తగిలింది" అన్నారు.

ఆవిడ మోచెయ్యి ట్రేకు చాలా దూరంలో, బల్ల మీద, నిఘంటువు మీద ఉంది. డయానా కళ్ళారా చూసింది. ముసలావిడకు మతిమరుపు మొదలైందని జాలిపడింది.

మణెమ్మ కొండపల్లి నుంచి రోజూ పొద్దున్నే బస్సులో వచ్చేది. ఆఫీసంతటికీ నిజంగా నవ్వే మనిషి ఆమె ఒక్కతే. స్టవ్వు ముందు పాటలు పాడుకునేది. టీ ఇస్తూ ఎవరి పిల్లలకు జ్వరం తగ్గిందో అడిగేది. కూతురు ఏంజెల్ నర్సింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది. "అది తెల్లబట్టలు వేసుకుని డ్యూటీకి పోయేదాకా నా ఈ పొయ్యి ఆరకూడదు డయానమ్మా" అనేది.

అలాంటి మణెమ్మ ఆనందం యాప్ ప్రకారం ఆఫీసు మొత్తంలో దుఃఖంలో ఉన్న ఏకైక వ్యక్తిగా తేలింది. ఆమెది నొక్కుడు బటన్ల ఫోను. అందులో యాప్ పట్టదు. యాప్ పట్టదు కాబట్టి బొమ్మ నొక్కలేదు. బొమ్మ నొక్కలేదు కాబట్టి ఆనందం సున్నా. సున్నా వచ్చినవాళ్ళను ఉంచకూడదని రూలు.

విఠల్ గారు డయానాను పిలిచి నోటీసు తెలుగులో రాయమన్నారు. ఆయన మొహం కూడా ఏమంత బాగాలేదు. "తొలగించడం అన్న మాట వాడకమ్మా. కుటుంబంలో తొలగించడం ఉండదు."

డయానా రాసింది. "శ్రీమతి మణెమ్మను కుటుంబ బాధ్యతల నుంచి విముక్తురాలిని చేయడమైనది." రాస్తున్నంతసేపూ వంటగది లోంచి మణెమ్మ పాట వినిపిస్తూనే ఉంది, మధ్యలో తలుపు లేదు కాబట్టి. ఆ పాట వింటూ ఆ వాక్యం రాయడం తన జీవితంలో చేసిన అన్ని పనుల్లోకీ నీచమైనదని డయానాకు అనిపించింది. అయినా రాసింది. తను రాయకపోతే ఇంకొకరు రాస్తారు అనుకుంది. ఆ ఆఫీసులో అందరూ అలాగే అనుకునేవారు.

త్రిపుర మేడమ్ ఆ కాగితం చదివారు. మళ్ళీ చదివారు. డయానా మొదటిసారి ఆ ప్రశ్న కోసం ఎదురుచూసింది, ఎండాకాలం మల్లెపాదు వానకు చూసినట్టు.

"కర్త ఎవరమ్మాయ్?"

"తెలీదండీ," అంది డయానా. "నిజంగానే తెలీదు మేడమ్."

"పద, కనుక్కుందాం."

అలా మొదలైన ఊరేగింపు మెట్లెక్కింది. ముందు మొదటి అంతస్తు. విఠల్ గారు కుర్చీలో వెనక్కి వాలి, "నేను కాదండీ బాబూ, సిస్టమ్ చెప్పింది. సున్నా చూపించింది" అన్నారు.

రెండో అంతస్తు. సురేష్ లేచి నిలబడ్డాడు. "సిస్టమ్‌కేం తెలుసు మేడమ్. రూలు ఎలా పెట్టమంటే అలా పెట్టాను. రూలు పై నుంచి వచ్చిందన్నారు."

"పైన అంటే?"

"పైన అంటే... పైనే."

"నడు నువ్వు కూడా."

మూడో అంతస్తులో చైర్మన్ గారు ఒక్కరే ఉంటారు. రేకుల షెడ్డులో తవుడు, వేరుశనగ చెక్క కలిపి మేత ముద్దలు చేసి అమ్మిన రోజుల నుంచి కంపెనీని పెంచిన మనిషి. పెద్ద గదిలో పెద్ద బల్ల వెనక కూర్చుని కిటికీలోంచి బందరు కాలువను చూస్తున్నారు. చాలాకాలానికి మనుషులు కనపడేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కూర్చోమన్నారు, మజ్జిగ తెప్పిస్తానన్నారు.

"రూలు తమరే పెట్టారట కదండీ," అన్నారు త్రిపుర మేడమ్.

"నేనా? నాకు కింద నుంచి వస్తాయమ్మా కాగితాలు. అందరూ కలిసి నిర్ణయించారు, మీరు సంతకం పెట్టండి అంటారు. పెడుతుంటాను."

"కిందివాళ్ళు పై నుంచి వచ్చిందంటున్నారు."

చైర్మన్ గారు పైకి చూశారు. అందరూ పైకి చూశారు. మేడమ్ ఆగలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చివరి మెట్లు కూడా ఎక్కారు. డయానా, సురేష్ వెనకాలే పరిగెత్తారు. డాబా మీద ఎండ మండుతోంది. అక్కడ ఒక వాటర్ ట్యాంకు ఉంది. ట్యాంకు మీద ఒక కాకి ఉంది.

ఆవిడ దాన్ని కాసేపు పరీక్షగా చూశారు. "ఇన్నాళ్ళూ మనల్ని ఏలింది నువ్వేనా తల్లీ?" అన్నారు. కాకి ఎగిరిపోయింది.

డయానా నవ్వింది. సురేష్ కూడా నవ్వాడు. నవ్వి నవ్వి ట్యాంకును ఆనుకుని కూర్చుండిపోయారు. యాప్‌లో మూడో బొమ్మ అచ్చం అలాగే ఉంటుంది. ఎవరూ నొక్కకుండా ఆ మొహం రావడం ఇద్దరికీ అదే మొదలు.

"ప్రతిజ్ఞ నువ్వు అంత గట్టిగా చెప్తావెందుకు?" అని అడిగింది డయానా.

"నువ్వు చెప్తున్నావని," అన్నాడు సురేష్.

మర్నాడు పొద్దున హాల్లో అందరూ చేరారు. విఠల్ గారు రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయంతో వచ్చారు. వెనక వరసలో చైర్మన్ గారు కూడా ఉన్నారు. ఏళ్ళ తర్వాత మెట్లు దిగి వచ్చారాయన, ఈ కర్త ఎవరో తేలితే చూద్దామని. మణెమ్మ టీ ట్రేతో గుమ్మంలో నిలబడింది. ఆమెకు విషయం తెలిసిపోయింది. తలుపులు లేని ఆఫీసులో తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ రోజు వంటగదిలో పాట లేదు.

"మణెమ్మ గారి నోటీసు మీద మేడమ్ గారికి వ్యాకరణపరంగా చిన్న సందేహం ఉంది," అన్నారు విఠల్ గారు నవ్వుతూ. "కర్త కావాలన్నారు. మేడమ్, 'మనం' అని వేసుకోండి. మనం విముక్తురాలిని చేస్తున్నాం. మనమంతా ఒకే కుటుంబం కదా. సంతకం పెట్టెయ్యండి."

హాల్లో చప్పట్లు మొదలవ్వబోయి ఆగాయి. ఇక అయిపోయింది అనుకుంది డయానా. కర్త దొరికింది. ఇంకేం మిగిలింది?

త్రిపుర మేడమ్ నెమ్మదిగా లేచారు. ఆవిడ మొహంలో పండగ కనపడింది. పాతిక ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పిన మనిషికి, విద్యార్థి తనంతట తానే బోర్డు దగ్గరికి వచ్చి నిలబడితే వచ్చే ఆనందం అది.

"మంచి మాట అన్నారండీ. మన భాషలో అదే అందం. 'మేము' అంటే వినేవాళ్ళు బయట. 'మనం' అంటే వినేవాళ్ళు కూడా లోపలే. తమరు మనం అన్నారు. ఇక్కడ వింటున్నవాళ్ళందరూ కర్తలే. మణెమ్మ కూడా వింటోంది. అంటే మణెమ్మను తీసేసేవాళ్ళలో మణెమ్మ కూడా ఉంది."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. మణెమ్మ ట్రేను గట్టిగా పట్టుకుని, "నేను తియ్యట్లేదండీ" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఒకరు తగ్గారు," అన్నారు మేడమ్. "నేనూ తియ్యట్లేదు. ఇద్దరు తగ్గారు."

డయానా తన బూట్ల వైపు చూసుకుంది. ఉద్యోగం గుర్తొచ్చింది, అమ్మ గుర్తొచ్చింది, ట్యాంకు మీద కాకి గుర్తొచ్చింది. అంతే, నోరు తెరుచుకుంది.

"నేనూ తియ్యట్లేదండీ."

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. ప్రతిజ్ఞ అరిచే గొంతు కాదది. చాలా చిన్న గొంతు. హాలంతా వినపడింది.

"నేను కూడా లేనండీ అందులో," అన్నాడు సురేష్.

ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పడం త్రిపుర మేడమ్ వల్ల కూడా కాలేదు. అకౌంట్సువాళ్ళు లేరన్నారు. డిస్పాచివాళ్ళు లేరన్నారు. మూల నిలబడ్డ డ్రైవరు "మా బండిలో ఎవరూ లేరండీ" అన్నాడు. జొన్నపొత్తు గింజలు రాలినట్టు 'మనం' లోంచి మనుషులు రాలిపోతుంటే, విఠల్ గారు బెండులా మిగిలారు.

"సరే సరే," అన్నారాయన చెమట తుడుచుకుంటూ. "మనం కాదు. మేము. మేము నిర్ణయించాం. యాజమాన్యం."

"మేము అంటే ఎవరెవరండీ?"

విఠల్ గారు ఆశగా వెనక వరసకేసి చూశారు. చైర్మన్ గారు రెండు చేతులూ అడ్డంగా ఊపారు. "నన్ను కలపకు బాబూ. నిన్న మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయింది ఆవిడ."

"అయితే ఇక మిగిలింది ఒక్క మాటే," అన్నారు మేడమ్. ఆవిడ నోటీసు కాగితాన్ని విఠల్ గారి ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చారు. గొంతులో వెటకారం లేదు. ఒకటో తరగతి పిల్లాడికి పలక ఇచ్చినట్టు ఇచ్చారు. "'మణెమ్మను నేను తీసేస్తున్నాను.' ఇంతే. రాయండి. తప్పుల్లేకుండా ఉంటే సరిచూశాను అని నేను పెడతాను. మాట తప్పను."

విఠల్ గారు పెన్ను పట్టుకున్నారు. 'మణెమ్మను' అని రాశారు. 'నే' దగ్గర ఆగిపోయారు. నోరెండిపోయింది కాబోలు, పెదాలు తడుపుకున్నారు. మణెమ్మ చూసింది. ట్రే కింద పెట్టి, లోపలికి వెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"తాగండి బాబూ. పొద్దున్నించీ ఏం తిన్నట్టు లేరు."

ఆయన గ్లాసు ఖాళీ చేశారు. ఆమె మొహంలోకి చూశారు. బహుశా అన్నాళ్ళలో అదే మొదటిసారి, యాప్ సాయం లేకుండా ఒక మనిషి మొహం చూడటం. తర్వాత వాక్యం పూర్తి చేశారు. రాసింది పైకి చదివారు కూడా.

"మణెమ్మను నేను... ఉంచుతున్నాను."

మేడమ్ కాగితం అందుకుని ఎండకు ఎత్తి పట్టుకుని చూశారు. "కర్త ఉంది. కర్మ ఉంది. క్రియ బాగుంది," అని, కింద "సరిచూశాను" అని రాసి సంతకం చేశారు. హాలు అదిరిపోయింది. డ్రైవరు ఈల వేశాడు. ఇదివరకు ప్రతిజ్ఞ తర్వాత వచ్చే చప్పట్లకు ఇప్పటి చప్పట్లకు తేడా చైర్మన్ గారికి కూడా తెలిసిపోయింది. ఆయన గెలిచింది తనే అన్నట్టు గట్టిగా కొట్టారు.

చప్పట్లు తగ్గాక ఆయన చుట్టూ చూసి ఒక మాట అడిగారు. "అది సరేనయ్యా, తలుపులేవి? బంగారం లాంటి టేకు తలుపులు చేయించాను. ఎవరు పీకించారు?"

హాలు మళ్ళీ చల్లబడింది. ఈసారి ప్రశ్న నిజంగానే పై నుంచి వచ్చింది, కర్తతో సహా. విఠల్ గారు అప్పటికే సగమైపోయారు, ఆ మాటతో పావు అయ్యారు. అప్పుడు డయానా ఒక విచిత్రం చూసింది. త్రిపుర మేడమ్ గొంతు సవరించుకున్నారు. ఆవిడ పెదాలు ఒక ఆకారంలోకి తిరిగాయి. ఆ ఆకారం డయానాకు తెలుసు. కప్పులు పగిలిన రోజు చూసింది. ఆవిడ 'నేను' అనబోతున్నారు. ఇప్పటిదాకా ఎవరిని నిలదీశారో ఆ మనిషి కోసమే.

డయానాకు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. మేడమ్‌కు మతిమరుపు లేదు. పైనున్నవాళ్ళను ఆవిడ "ఎవరు?" అని అడుగుతారు. కింద పడినవాళ్ళను ఎవరైనా "ఎవరు?" అని అడిగితే మాత్రం "నేను" అంటారు. విఠల్ గారు ఆ క్షణానికి కిందకి వచ్చేశారు, అంతే.

కానీ ఈసారి ఆవిడకు ఆ అవకాశం దక్కలేదు.

"నేనేనండీ," అన్నారు విఠల్ గారు. "నేనే పీకించాను. నేనే పెట్టిస్తాను."

ఆ మాట ఆయనకు బాగా రుచి తగిలినట్టుంది. వారం తిరక్కుండా ఆఫీసు గోడలన్నీ ఆయన 'నేను'లతో నిండిపోయాయి. "తలుపులు నేను పెట్టించాను. విఠల్." "ఆత్మీయ సూచన బటన్ నేను తీసేయించాను. విఠల్." "ఫ్యాను రిపేరు నేను మర్చిపోయాను. విఠల్." సురేష్ యాప్‌లో నాలుగో బొమ్మ పెట్టాడు, మామూలు మొహం, నవ్వూ లేదు, ఏడుపూ లేదు. అందరూ దాన్నే నొక్కి పని చూసుకుంటున్నారు.

ఆ సురేషే ఒకరోజు డయానాతో అన్నాడు. "నా కొత్తలో రైతులందరికీ 'మీ చేపలకు జన్మదిన శుభాకాంక్షలు' అని మెసేజ్ వెళ్ళింది. పంపింది నేను. మేడమ్ 'నేనే' అన్నారని మెమో ఆవిడకిచ్చారు. మేడమ్ దగ్గర ఆ కంప్యూటరే లేదు డయానా."

డయానా ఇక ఉండబట్టలేక త్రిపుర మేడమ్‌నే అడిగేసింది. "అందరినీ కర్త ఎవరని అడుగుతారు కదండీ. మణెమ్మనూ సురేష్‌నూ ఎప్పుడూ అడగరేం?"

ఆవిడ నిఘంటువులోంచి తల ఎత్తలేదు. "చెవుడమ్మాయ్ నాకు. పై నుంచి వచ్చేవే వినపడతాయి. కింద నుంచి వచ్చేవి సరిగా వినపడవు."

సరిగ్గా ఆ మాట పూర్తవుతుండగా వంటగదిలో భళ్ళుమంది. పాట ఆగింది. కొత్త తలుపు సందులోంచి మణెమ్మ మొహం బయటికి వచ్చింది.

"కప్పు పగిలిందండీ..."

"నేనే," అన్నారు త్రిపుర మేడమ్.

"నేనే," అంది డయానా, అదే క్షణంలో.

"నేనేనండీ," అన్నారు మెట్ల మీద నుంచి విఠల్ గారు, అసలేం పగిలిందో చూడకుండానే.

మేడమ్ కళ్ళజోడు తీసి, ఒక్కొక్కరినీ పరీక్షగా చూసి, నిట్టూర్చారు.

"క్రియ ఒక్కటి, కర్తలు ముగ్గురు. ఈ ఆఫీసుకు వ్యాకరణం ఎప్పుడొస్తుందో ఏమో," అన్నారు, నవ్వు దాచుకోవడం చేతకాక.